వాక్యూమ్ క్లీనర్ సరిగ్గా పీల్చడం లేదా? ముందు ఇవి చూడండి

నా రిపేరు బల్ల మీదికొచ్చే చాలా వాక్యూమ్ క్లీనర్లకు మోటారు బాగానే ఉంటుంది. గాలి దారే మూసుకుపోయి ఉంటుంది.

ప్లగ్గు తీసి సంచి చూడండి. మూడింట రెండొంతులు నిండిందంటే, గుడ్డదైతే బయట దులపండి, కాగితానిదైతే మార్చండి. తర్వాత ఫిల్టరు. స్పాంజిదైతే ఉత్త నీళ్లతో కడిగి, నీడలో ఒక రోజంతా ఆరనివ్వండి. తడిగా పెట్టి నడిపితే తేమ మోటార్లోకి పోతుంది, ఇల్లంతా ముక్కిపోయిన వాసన. మడతల ఫిల్టరుకు మాత్రం, కడగొచ్చని దానిమీద రాసుంటే తప్ప నీళ్లు తగలనివ్వకండి. మెత్తటి బ్రష్షుతో దులిపితే చాలు.

అయినా లాగట్లేదా? గొట్టం విడదీసి వెలుతురు వైపు పెట్టి చూడండి, పిల్లల సాక్సు దొరికినా దొరుకుతుంది! నేల మీద తిరిగే బ్రష్షు రోలరుకు చుట్టుకున్న వెంట్రుకల్ని కత్తెరతో అడ్డంగా తెంపి లాగేయండి.

పొడి చెత్తకే పనికొచ్చే మిషనుతో నీళ్లు, నిప్పున్న బూడిద పీల్చొద్దు. సిమెంటు, గోడ గీకిన సున్నం, ముగ్గుపిండి సంచిని దాటి ఫిల్టరును పూడ్చేస్తాయి. వాటికి చీపురే మేలు.

నడుస్తూ దానంతటదే ఆగిపోతే మోటారు వేడెక్కి, దానికి కరెంటు ఆపే కటౌట్ పడినట్టే. ప్లగ్గు తీసి, అడ్డు తొలగించి, అరగంట చల్లారనివ్వండి. నిప్పురవ్వలు, కాలిన వాసన వస్తే మాత్రం మీరు విప్పకండి. సాధారణంగా మోటారు లోపల కరెంటు అందించే కార్బన్ బ్రష్షులు అరిగి ఉంటాయి, మెకానిక్‌కి ఇచ్చేయండి.