మీ బొమ్మను అడగకుండా వాడుకుని, పైగా మార్చేస్తే ఏం చేయాలి?

మూడేళ్ల కింద, సద్దుల బతుకమ్మకు రెండు రోజుల ముందు, నల్లగొండ క్లాక్ టవర్ దగ్గర ఒక ఫ్లెక్సీలో నా బొమ్మ కనిపించింది. తంగేడు, గునుగు పూల బతుకమ్మను పట్టుకొని చెరువుకు పోతున్న ముసలమ్మ బొమ్మ అది, పదకొండు రాత్రులు కూర్చొని ట్యాబ్‌లో గీశాను. మూలన ఉన్న నా సంతకం చెరిపేశారు. ముసలమ్మ ముఖం తీసేసి ఎవరో అమ్మాయి ముఖం అతికించారు. ఆ ముసలమ్మ మా నానమ్మ. డబ్బుల సంగతి అటుంచండి, ఆ ముఖం పోయినందుకే నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఏం చేయాలో తెలియక రెండు వారాలు టెన్షన్‌తోనే గడిచిపోయాయి, ఆలోపు పండగ అయిపోయింది, ఫ్లెక్సీ దింపేశారు, నా దగ్గర సరిగ్గా తీసిన ఒక్క ఫొటో కూడా మిగల్లేదు. మీకు అట్లా కావొద్దని వరుసగా రాస్తున్నాను.

మొదట చేయాల్సింది ఫోన్ కాదు, సాక్ష్యం భద్రం చేసుకోవడం. కోపంలో ఫోన్ చేస్తే అవతలివాళ్లు చేసే మొదటి పని డిలీట్ కొట్టడమే. ఫ్లెక్సీ అయితే పక్కన ఉన్న షాపులు, రోడ్డు కూడా కనిపించేలా ఫొటోలు తీయండి. ఆన్‌లైన్‌లో అయితే లింకు, పెట్టిన ఖాతా పేరు, తేదీ కనిపించేలా స్క్రీన్‌షాట్లు తీయండి. తర్వాత మీ వైపు రుజువులు వెతకండి: లేయర్లు విడిగా ఉన్న అసలు ఫైలు, కెమెరా తీసిన అసలు ఫైలు (raw), పెన్సిల్ గీతల చిత్తు కాగితం, ఏది ఉంటే అది. వాట్సాప్‌లో మామూలు ఫొటోగా పంపితే తీసిన తేదీ, కెమెరా వివరాలు ఫైలులోంచి పోతాయి, అందుకే పంపేటప్పుడు డాక్యుమెంట్‌గానే పంపండి.

రెండోది, హక్కు నిజంగా మీదేనా అని చూసుకోండి. 1957 నాటి కాపీరైట్ చట్టం ప్రకారం గీసిన క్షణంలోనే హక్కు పుడుతుంది, రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, మీ జీవితకాలం, ఆ తర్వాత ఇంకో 60 ఏళ్లు ఉంటుంది. అయితే ఆలోచన మీద హక్కు ఉండదు. బతుకమ్మ పట్టుకున్న ముసలమ్మను ఎవరైనా గీయొచ్చు, నేను గీసిన ముసలమ్మను మాత్రం ఎత్తుకోకూడదు. ఉద్యోగంలో భాగంగా గీస్తే, వేరే ఒప్పందం లేనప్పుడు హక్కు యజమానిది. పెళ్లి ఫొటోలు తీసేవాళ్లు ఇది గట్టిగా గుర్తుపెట్టుకోవాలి: డబ్బులిచ్చి తీయించుకున్న ఫొటోల మీద కాపీరైట్, ఒప్పందంలో వేరేగా లేకపోతే, తీయించుకున్నవాళ్లదే.

అమ్మేసినా, హక్కులన్నీ రాసిచ్చినా మీ దగ్గరే ఉండేవి కొన్ని ఉన్నాయి, వాటినే నైతిక హక్కులు అంటారు. చట్టంలో 57వ సెక్షన్. ఈ పని నాదే అని చెప్పుకోవడం ఒకటి. నా పరువుకు దెబ్బ తగిలేలా దాన్ని వికృతం చేస్తే, ముక్కలు చేస్తే, మారిస్తే ఆపమనడం, పరిహారం అడగడం ఇంకొకటి. శిల్పి అమర్‌నాథ్ సెహగల్ ఢిల్లీ విజ్ఞాన్ భవన్ గోడకు పెద్ద కంచు శిల్పం చేసిచ్చారు. డబ్బు ఇచ్చింది ప్రభుత్వం, గోడా ప్రభుత్వానిదే. అయినా 1979లో ఆయనకు చెప్పకుండా పీకేసి గోదాములో పడేస్తే, 2005లో ఢిల్లీ హైకోర్టు మిగిలిన ముక్కలు ఆయనకు తిరిగిచ్చి 5 లక్షల రూపాయల పరిహారం కట్టమని తీర్పు చెప్పింది. మన జానపదాలు పాడేవాళ్లకు కూడా 2012 సవరణతో ఇలాంటి హక్కే వచ్చింది, మీ గొంతు వాడుకుని పేరు వేయకపోతే మీరూ అడగొచ్చు.

ఇక "కొంచెం మార్చినం కదా, అది మాదే" అనే మాట. ఇన్ని శాతం మారిస్తే తప్పు లేదు అనే లెక్క చట్టంలో ఎక్కడా లేదు. ఉన్నదాన్ని అటూ ఇటూ మార్చి వాడుకోవడాన్ని అనుసరణ అంటారు, దానికి అనుమతి ఇచ్చే హక్కు కూడా కాపీరైట్ ఉన్నవాళ్లదే. మీరు ఇంకొకరి బొమ్మ మీద పని చేసినా ఇదే వర్తిస్తుంది, ముందు అడగండి.

ఇప్పుడు రాతపూర్వకంగా అడగండి. రెండు బొమ్మలూ పక్కపక్కన పెట్టి, ఏం కావాలో తేల్చి రాయండి: తీసేయాలా, పేరు వేయాలా, డబ్బు ఇవ్వాలా, ఎన్ని రోజుల్లో. తిట్లు రాయొద్దు, ఆ కాగితం రేపు జడ్జి చదవొచ్చు. ఆన్‌లైన్‌లో ఉంటే ఆ వేదిక కాపీరైట్ ఫారంలో ఫిర్యాదు పెట్టండి. మన దేశ కాపీరైట్ నిబంధనల ప్రకారం ఫిర్యాదు సరైనదని తేలితే ఆ వేదిక 36 గంటల్లో దాన్ని ఆపాలి, కానీ 21 రోజుల్లోపు మీరు కోర్టు ఆదేశం తేకపోతే మళ్లీ పెట్టేయొచ్చు. అందుకే అవతలివాళ్లు మొండికేస్తే ఆ 21 రోజుల్లోనే లాయర్‌ను కలవండి. మీరు ఉండే చోటి జిల్లా కోర్టులోనే దావా వేయొచ్చు, అవతలివాళ్ల ఊరికి తిరగాల్సిన పని లేదు. బొమ్మ విలువైనది అనిపిస్తే రిజిస్టర్ చేయించండి, మామూలు చిత్రానికి ఫీజు 500 రూపాయలు, కోర్టులో అది ప్రాథమిక సాక్ష్యంగా నిలుస్తుంది, అంటే తప్పని రుజువయ్యేదాకా నిజమనే అనుకుంటారు.

చీరలకు డిజైన్లు గీసేవాళ్లకు ఒక హెచ్చరిక. డిజైన్ల చట్టం కింద నమోదు చేయదగిన డిజైన్‌ను నమోదు చేయకుండా, పారిశ్రామిక పద్ధతిలో 50 కంటే ఎక్కువ తయారైతే దాని మీద కాపీరైట్ పోతుంది. బయటపెట్టకముందే నమోదు చేయించాలి. పోచంపల్లి, గద్వాల, నారాయణపేట చీరలకున్న భౌగోళిక గుర్తింపు ఆ ప్రాంతం నేతకు రక్షణ, మీ ఒక్కరి గీతకు కాదు.

చివరిగా, ఎవరికైనా హక్కు రాసిచ్చేటప్పుడు ఏ బొమ్మ, ఏ వాడకం, ఎన్నేళ్లు, ఎక్కడ, ఎంత డబ్బు అని రాసి సంతకాలు చేయండి. ఏళ్లు రాయకపోతే చట్టం 5 ఏళ్లుగా తీసుకుంటుంది, చోటు రాయకపోతే దేశమంతా అనుకుంటుంది. నేనిప్పుడు ఇచ్చే ప్రతి కాగితంలో ఇంకో వాక్యం కూడా చేరుస్తున్నాను: "బొమ్మలోని ముఖాలు మార్చరాదు, సంతకం తీసేయరాదు."