కంటి పరిశోధనకు నిధులు: ప్రతిపాదన రాయబోయేవారికి సూచనలు

అమెరికాలో కంటి పరిశోధనకే ప్రత్యేకంగా నిధులిచ్చే ప్రభుత్వ సంస్థ 1968 నుంచి ఉంది. నేషనల్ ఐ ఇన్‌స్టిట్యూట్ అనే ఆ సంస్థకు ఇటీవలి ఏళ్లలో ఏటా దాదాపు 90 కోట్ల డాలర్ల బడ్జెట్ అందుతూ వచ్చింది. మన దేశంలో దానికి సాటి రాగల నిధుల సంస్థ లేదు. ఢిల్లీ ఎయిమ్స్‌లో 1967లో ఏర్పడిన డాక్టర్ రాజేంద్రప్రసాద్ నేత్ర కేంద్రం గొప్పదే గాని, అది వైద్యం, బోధన, పరిశోధన సాగించే చోటే తప్ప ఇతరులకు గ్రాంట్లు పంచే చోటు కాదు. అందువల్ల ఇక్కడ రెటీనా (కంటి వెనుక కాంతిని గ్రహించే పొర) మీద రాసిన ప్రతిపాదన క్షయ, క్యాన్సర్, మధుమేహాల మీద వచ్చిన ప్రతిపాదనలతో ఒకే వరుసలో నిలబడుతుంది. దాన్ని చదివే కమిటీలో కంటి నిపుణులు ఒకరిద్దరు ఉండవచ్చు, ఒక్కోసారి ఒక్కరూ ఉండకపోవచ్చు. నిధుల వేట మొదలుపెట్టడం దగ్గర నుంచి మొదటి పేజీ రాయడం దాకా ప్రతి నిర్ణయమూ ఈ సంగతిని గుర్తుంచుకొని తీసుకోవలసిందే.

ముందుగా చేయవలసిన పని, మీ ప్రశ్న ఏ దశకు చెందినదో తేల్చుకోవడం. రేచీకటితో మొదలై క్రమంగా చూపు పోయే రెటినైటిస్ పిగ్మెంటోసాలో కాంతిని గ్రహించే కణాలు ఎందుకు చనిపోతున్నాయో తెలుసుకోవడం మౌలిక ప్రశ్న. ఆ కణాలను ఎలుకలో కాపాడగలిగిన మందును మనిషికి తీసుకురావడం వేరే దశ, దానికి కావలసిన పరికరాన్ని తయారుచేసి అమ్మకానికి తేవడం మరో దశ, ఆ జబ్బు ఒక జిల్లాలో ఎంతమందికి ఉందో లెక్కించడం ఇంకో దశ. ఈ నాలుగింటికీ డబ్బిచ్చే చేతులు నాలుగు. తన దశ ఏదో తేల్చుకోకుండా కనబడిన ప్రతి ప్రకటనకూ ఒకే ప్రతిపాదనను పేరు మార్చి పంపేవారు చాలామంది ఉన్నారు. ఆ పద్ధతిలో పోయేది కాలం ఒక్కటే కాదు, కమిటీల దగ్గర పేరు కూడా.

మౌలిక ప్రశ్నకు మొదట చూడవలసినది అనుసంధాన్ నేషనల్ రీసెర్చ్ ఫౌండేషన్. 2023 నాటి చట్టంతో ఏర్పడిన ఈ సంస్థలో, అంతకు ముందు కేంద్రం తరఫున పరిశోధన నిధులిచ్చిన సెర్బ్ కలిసిపోయింది కాబట్టి సెర్బ్ పేరుతో ఉన్న పాత సమాచారాన్ని నమ్ముకోకండి. కొత్తగా ఉద్యోగంలో చేరిన అధ్యాపకులకు దాని ప్రధానమంత్రి ఎర్లీ కెరీర్ గ్రాంటు అనువైనది. జీవ సాంకేతిక శాఖ, అంటే డీబీటీ, ఎప్పటికప్పుడు ఫలానా అంశం మీద ప్రతిపాదనలు కావాలని ప్రకటనలు ఇస్తుంది. ఆ అంశంలో మీ పని సహజంగా ఇమిడితేనే వెళ్లాలి. రోగుల మీద జరిగే అధ్యయనాలకూ, జనాభా సర్వేలకూ, చికిత్సల పోలికకూ భారత వైద్య పరిశోధన మండలి, అంటే ఐసీఎంఆర్, బయటి సంస్థల పరిశోధకులకు ఇచ్చే ఎక్స్‌ట్రామ్యూరల్ పథకం సరైన తలుపు.

వ్యక్తిగా ఎదగాలనుకునే పరిశోధకుడికి నేను మొదట చెప్పే పేరు ఇండియా అలయన్స్. డీబీటీ, బ్రిటన్‌లోని వెల్‌కమ్ ట్రస్టు కలిసి 2008లో ప్రారంభించిన ఈ సంస్థ కార్యాలయం హైదరాబాదులోనే ఉంది. ఇది ప్రాజెక్టు కన్నా మనిషిని చూసి ఫెలోషిప్ ఇస్తుంది. పీహెచ్‌డీ చేసినవారికి వేరుగా, వైద్యులకూ ప్రజారోగ్య పరిశోధకులకూ వేరుగా పథకాలు ఉన్నాయి. ప్రాథమిక దరఖాస్తు, పూర్తి దరఖాస్తు, ఆ తర్వాత ముఖాముఖి అనేవి దాని మెట్లు. భారతీయ పౌరులే కానక్కరలేదు, పని మాత్రం భారతదేశంలోని సంస్థలో జరగాలి. కనుక బోస్టన్‌లోనో లండన్‌లోనో పోస్ట్‌డాక్ చేస్తూ ఇంటికి తిరిగి రావాలనుకునే తెలుగువారికి ఇది దగ్గరి దారి. అయితే మీకు చోటిచ్చే సంస్థతో ముందుగానే మాట్లాడి, ప్రయోగశాలలో స్థలం, పరికరాల వాడకం, కావలసినంత ఖాళీ సమయం గురించి రాతపూర్వకంగా హామీ తీసుకోండి. కంటి ఆసుపత్రిలో పనిచేసే వైద్యుడికి ఈ సమయం హామీయే అన్నిటికన్నా కష్టమైనది. రోజుకు నలభై శస్త్రచికిత్సలు జరిగే చోట వారంలో మూడు రోజులు ల్యాబ్‌కు వదలమంటే యాజమాన్యం తల ఊపుతుంది గాని, సంతకం చేయడానికి వెనుకాడుతుంది.

పరికరమో, పరీక్షా సాధనమో తయారుచేసేవారు డీబీటీ కింద పనిచేసే ప్రభుత్వ సంస్థ బైరాక్ వైపు చూడాలి. దాని బయోటెక్నాలజీ ఇగ్నిషన్ గ్రాంటు కింద 18 నెలల కాలానికి 50 లక్షల రూపాయల వరకు ఇస్తారు. హైదరాబాదులోని ఐకేపీ నాలెడ్జ్ పార్క్ ఆ పథకానికి భాగస్వామి కాబట్టి, దరఖాస్తుకు ముందే అక్కడికి వెళ్లి మాట్లాడడం తెలుగు రాష్ట్రాలవారికి సులువు. కంపెనీల సామాజిక బాధ్యత నిధుల గురించి మాత్రం ఎక్కువ ఆశ పెట్టుకోకండి. 2013 కంపెనీల చట్టం 135వ సెక్షన్ ప్రకారం అర్హత ఉన్న కంపెనీలు తమ సగటు లాభంలో 2 శాతం ఖర్చు చేయాలి, నిజమే. కాని వారికి ఏడాదిలోపు ఫొటోలతో చూపగలిగే శుక్లాల శిబిరం నచ్చినంతగా, అయిదేళ్లకు గాని ఫలితం తెలియని కణాల పరిశోధన నచ్చదు. ఆ డబ్బును పరికరం కొనడానికో, కంటి బ్యాంకు బలపడడానికో అడగడం మేలు.

విదేశీ నిధుల్లో కంటి పరిశోధనకు ప్రత్యేకమైన సంస్థలు ఉన్నాయి. 1971లో ఏర్పడిన ఫౌండేషన్ ఫైటింగ్ బ్లైండ్‌నెస్ వంశపారంపర్య రెటీనా జబ్బుల మీద పనిచేసేవారికి అమెరికా బయట కూడా సాయం చేస్తుంది. ఆర్‌పీఈ65 జన్యులోపానికి లక్స్‌టర్నా అనే జన్యు చికిత్స 2017 డిసెంబరులో అమెరికాలో అనుమతి పొందిందంటే, దాని వెనుక తొలి దశల్లో ఈ ఫౌండేషన్ పెట్టిన డబ్బు ఉంది. దీనికి భిన్నంగా రిసెర్చ్ టు ప్రివెంట్ బ్లైండ్‌నెస్ అమెరికా వైద్య కళాశాలలకే ఇస్తుంది. పేరు చూసి అక్కడ సమయం వృథా చేసుకోకండి. నేషనల్ ఐ ఇన్‌స్టిట్యూట్ గ్రాంట్లకు విదేశీ సంస్థలు అర్హమా కాదా అన్నది ఒక్కో ప్రకటనలో ఒక్కో రకంగా ఉంటుంది. పైగా 2025లో దాని మాతృసంస్థ ఎన్‌ఐహెచ్, అమెరికా గ్రాంటులోంచి విదేశీ భాగస్వామికి వాటా పంపే పాత విధానాన్ని ఆపివేసింది కాబట్టి, అమెరికాలోని స్నేహితుడి ప్రాజెక్టులో భాగం తీసుకుందామనుకునేవారు ముందు అప్పటికి అమలులో ఉన్న నియమాన్ని చదవాలి. ఆ దేశపు నిధులతో మన దేశంలో గొప్ప పని జరగలేదని కాదు. పుట్టుకతో శుక్లాలున్న పిల్లలకు ఉత్తర భారతంలో శస్త్రచికిత్స చేయించి, కొత్తగా వచ్చిన చూపును మెదడు ఎలా నేర్చుకుంటుందో గమనించిన ఎంఐటీ ఆచార్యుడు పవన్ సిన్హా ప్రాజెక్ట్ ప్రకాశ్‌కు నేషనల్ ఐ ఇన్‌స్టిట్యూట్ అండ ఉంది.

విదేశీ డబ్బు తీసుకునే సంస్థకు సాధారణంగా విదేశీ విరాళాల నియంత్రణ చట్టం, అంటే ఎఫ్‌సీఆర్ఏ, కింద నమోదు గాని ముందస్తు అనుమతి గాని ఉండాలి. 2020 సవరణ తర్వాత ఆ డబ్బు ఢిల్లీలోని స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖ ఖాతాలోకే రావాలి, మరో సంస్థకు మళ్లించకూడదు, పరిపాలన ఖర్చు 20 శాతం దాటకూడదు. మీరు రెండు ఆసుపత్రులతో కలిసి పనిచేయాలనుకుంటే ఈ మళ్లింపు నిషేధం బడ్జెట్ ఆకారాన్నే మార్చేస్తుంది. వీటికి తోడు, విదేశీ సహకారం ఉన్న ఆరోగ్య పరిశోధనను ఆరోగ్య శాఖ స్క్రీనింగ్ కమిటీ చూడాలి. దానికి నెలలు పడతాయని లెక్కలో వేసుకోండి.

ఇక ప్రతిపాదన రాయడం. మొదటి పేజీని కన్ను గురించి ఏమీ తెలియని గుండె వైద్యుడు చదువుతున్నాడని ఊహించుకొని రాయండి. ‘లింబల్ మూలకణాల లోపం’ అని మొదలుపెట్టే బదులు, సున్నమో ఆమ్లమో కంట్లో పడిన మనిషి నల్లగుడ్డు ఎందుకు మళ్లీ తేటపడదో, దాని అంచున ఉండే మూలకణాలు చచ్చిపోతే పైపొర ఎందుకు పెరగదో రెండు వాక్యాల్లో చెప్పండి. ఈ జబ్బుకు ఎల్వీ ప్రసాద్ నేత్ర వైద్య సంస్థలో రూపుదిద్దుకొని 2012లో ప్రచురితమైన ‘స్లెట్’ పద్ధతి, నిధులు అడిగే ప్రతివారూ చదువుకోదగిన ఉదాహరణ. అంతకు ముందు మూలకణాలను ఖరీదైన ల్యాబ్‌లో వారాల తరబడి పెంచి అతికించేవారు. సుమారు 2 మిల్లీమీటర్ల ముక్కను మంచి కంటి నుంచి తీసి, చిన్నచిన్న తునకలుగా చేసి, ఉమ్మనీటి పొర మీద నేరుగా కంటి పైనే అతికిస్తే కణాలు అక్కడే పెరుగుతాయని వైద్యుడు వీరేందర్ సంగ్వాన్ బృందం చూపించింది. ప్రశ్న ఎంత చిన్నది, అది తీసివేసిన ఖర్చు ఎంత పెద్దది అన్నది గమనించండి. మన కమిటీలు మెచ్చేది ఇలాంటి పొదుపునే.

తర్వాత అంకెలు. జబ్బు ఎంత పెద్దదో చెప్పడానికి అందరూ ఒక శాతం రాస్తారు. ఆ శాతం ఏ నిర్వచనంతో వచ్చిందో మాత్రం రాయరు. 1996 నుంచి 2000 వరకు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని హైదరాబాదు, పశ్చిమ గోదావరి, ఆదిలాబాదు, మహబూబ్‌నగర్ ప్రాంతాల్లో 10,293 మందిని పరీక్షించిన అధ్యయనం అంధత్వం 1.84 శాతమని తేల్చింది. 2015–19 జాతీయ సర్వే 0.36 శాతమంది. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి అంధత్వం అయిదో వంతుకు తగ్గిందని రాస్తే, తెలిసినవాడు చదివినప్పుడు మీ దరఖాస్తు అక్కడే ఆగిపోతుంది. మొదటి దానిలో మెరుగైన కంటి చూపు 6/60 కన్నా (మామూలు కన్ను 60 మీటర్ల నుంచి చూడగలిగినదాన్ని 6 మీటర్ల నుంచి చూడగలగడం కన్నా) తక్కువైతే, లేదా చూపు పరిధి బాగా కుంచించుకుపోతే అంధత్వం. రెండో దానిలో 3/60 కన్నా తక్కువ కావాలి. 2017లో మన ప్రభుత్వం ప్రపంచ ఆరోగ్య సంస్థ కొలతను స్వీకరించడంతో అంధత్వాన్ని నిర్ణయించే గీతే పక్కకు జరిగింది.

గణాంకాల్లో కంటివాళ్లు తరచుగా చేసే పొరపాటు ఇంకొకటి ఉంది. ముప్పై మంది రోగులకు అరవై కళ్లు ఉంటాయి గాని, అవి అరవై విడివిడి నమూనాలు కావు. ఒకే మనిషి రెండు కళ్లు ఒకదానికొకటి చాలావరకు పోలి ఉంటాయి. నమూనా సంఖ్య లెక్కకట్టేటప్పుడు దీన్ని సరిచేయకపోతే, కన్ను గురించి ఏమీ తెలియని గణాంక నిపుణుడు కూడా ఇట్టే పట్టుకుంటాడు. చూపు మెరుగుపడిందని దేనితో కొలుస్తారన్నదీ ముఖ్యమే. లక్స్‌టర్నా పరీక్షల్లో అక్షరాల చార్టును ప్రధాన కొలతగా పెట్టుకోలేదు. వేర్వేరు వెలుతురుల్లో, అడ్డంకులున్న దారిలో రోగి నడవగలడా అని చూశారు. మసక వెలుతురులో తడుముకునే మనిషికి ఆ కొలతే అర్థవంతమైనది. మీ జబ్బుకు తగిన కొలత ఏదో రోగులను అడిగి తెలుసుకొని, ఆ సంగతి ప్రతిపాదనలో రాయండి.

అనుమతుల పని డబ్బు వచ్చాక మొదలుపెడితే మొదటి ఏడాది కాగితాలకే సరిపోతుంది. మనుషుల మీద పరిశోధనకు సంస్థాగత ఎథిక్స్ కమిటీ, జంతువుల మీదైతే జంతు ఎథిక్స్ కమిటీ, జన్యు మార్పిడి పనికి బయోసేఫ్టీ కమిటీ, మూలకణాలకు వాటి ప్రత్యేక కమిటీ ఆమోదం కావాలి. క్లినికల్ ట్రయల్ అయితే 2019 నియమాల కింద ఔషధ నియంత్రణాధికారి అనుమతి, మొదటి రోగిని చేర్చుకోకముందే క్లినికల్ ట్రయల్స్ జాతీయ రిజిస్ట్రీ అయిన సీటీఆర్ఐలో నమోదు తప్పవు.

బడ్జెట్‌లో పరికరం ధర అందరూ రాస్తారు, దాని వార్షిక నిర్వహణ ఒప్పందం మరచిపోతారు. మూడో ఏట, రెటీనా పొరలను స్కాన్ చేసే ఓసీటీ యంత్రం ఆగిపోతే ఆ ఖర్చు ఏ పద్దు కిందికీ రాదు. ఆదిలాబాదు నుంచి ఆరు నెలలకోసారి రావలసిన రోగికీ, తోడు వచ్చేవారికీ ప్రయాణ ఖర్చు, కూలి నష్టం రాయండి. రాయకపోతే సగం మంది మధ్యలో మానేస్తారు. కంట్లో పరికరం అమర్చే పరిశోధన అయితే, ప్రాజెక్టు ముగిశాక దాన్ని ఎవరు చూసుకుంటారో కూడా చెప్పాలి. 2013లో అమెరికాలో అనుమతి పొందిన ఆర్గస్ 2 కృత్రిమ రెటీనాను తయారుచేసిన కంపెనీ కొన్నేళ్లకు దాన్ని వదిలేయడంతో, కంట్లో యంత్రం ఉన్నవారు మరమ్మతుకు దిక్కులేక మిగిలిపోయారు. కమిటీ ఈ ప్రశ్న అడిగేదాకా ఆగకండి.

తిరస్కారం వస్తే సమీక్షకుల వ్యాఖ్యలను రెండు వారాలు పక్కన పెట్టి, తర్వాత కంటి శాఖకు సంబంధం లేని సహోద్యోగి చేత చదివించండి. సమీక్షకులకు అర్థం కానిది మీ విజ్ఞానమా, మీ వాక్యమా అన్నది అతడు చెప్పగలడు. మంజూరైతే, ఏడాది చివర పంపవలసిన, డబ్బు ఖర్చు లెక్క చూపే యుటిలైజేషన్ సర్టిఫికెట్ కోసం సంస్థ అకౌంట్స్ విభాగంలో ఒక మనిషిని మొదటి నెలలోనే పరిచయం చేసుకోండి. జీఎఫ్ఆర్ 12–ఏ అనే ఆ పత్రం వెళ్లకపోతే రెండో విడత డబ్బు రాదు, ఆ ఆలస్యంలో మొదట ఆగిపోయేది జూనియర్ ఫెలో జీతం.