ఛెస్ట్ ప్రెస్ 4వ పాఠం: రాడ్ లెక్క వేరు, డంబెల్ లెక్క వేరు

గత పాఠంలో భుజాలు వెనక్కి బిగించి బెంచ్ మీద పడుకోవడం, రాడ్‌ను ఛాతీ దాకా దించడం చూశాం. ఈసారి డంబెల్స్ పట్టుకుందాం. ముందు ఒక అనుమానం తీర్చాలి. గుంటూరులో బ్రాడీపేట అయినా లక్ష్మీపురం అయినా, జిమ్‌లో కొత్త కుర్రాళ్లు అడిగేది ఇదే: "అన్నా, రాడ్ మీద ఎనభై కిలోలు కొడుతున్నా. అంటే డంబెల్స్ చేతికి నలభై రావాలి కదా? ముప్పైకే వణికిపోతున్నానేంటి?"

వణుకు రావడం సహజం. బలం తగ్గిందని బెంగ పెట్టుకోకండి.

రాడ్ రెండు చేతుల్నీ ఒకటిగా కలిపి ఉంచుతుంది. పైకి తోసేటప్పుడు మనకు తెలియకుండానే చేతుల్ని పక్కలకు కూడా తోస్తాం. రాడ్ సాగదు కాబట్టి ఆ తోపు వృథా పోదు, మోచేతుల్ని చాచే ట్రైసెప్స్ గట్టిగా సాయం చేస్తాయి. డంబెల్స్‌తో అలా తోస్తే బరువులు బయటికి జారిపోతాయి. దాంతో ట్రైసెప్స్ పని తగ్గుతుంది, మోచేతులు అదుపు తప్పకుండా బైసెప్స్ ఎక్కువ కష్టపడతాయి. 2011లో నార్వే పరిశోధకులు కొలిచి చూస్తే, ఒక్కసారి ఎత్తగలిగే గరిష్ఠ బరువు రాడ్ కంటే డంబెల్స్‌తో సుమారు 17 శాతం తక్కువ వచ్చింది. ఛాతీ కండరం మాత్రం రెండింటిలోనూ దాదాపు ఒకేలా పనిచేసింది. నా దృష్టిలో అసలు సంగతి ఇదే. అంకె తగ్గినా ఛాతీకి అందే పని తగ్గలేదు.

ఇప్పుడు లెక్క. రాడ్ బరువు కూడా కలపాలి. ఒలింపిక్ రాడ్ 20 కిలోలు, కానీ మన జిమ్ముల్లో ఉన్నవన్నీ అవి కావు. సన్న రాడ్లు అంతకంటే చాలా తేలిక. అనుమానముంటే రాడ్ పట్టుకుని బరువు చూసే మిషన్ ఎక్కండి, వచ్చినదాంట్లోంచి మీ బరువు తీసేయండి. ఎనభై అనుకున్నది డెబ్బై అని తేలవచ్చు. రాడ్, ప్లేట్లు కలిపి మీరు ఒక్కసారి ఎత్తగలిగే గరిష్ఠ బరువు 60 అయితే, 17 శాతం తీసేస్తే దాదాపు 50, అంటే చేతికి 25. మొదటి వారం అంత కూడా వద్దు. చేతికి 17.5 లేదా 20తో మొదలుపెట్టి 10 రెప్స్ (అంటే పదిసార్లు దించి ఎత్తడం) నిదానంగా చేయండి. అలవాటు లేని చేతులకు ముందు నిలకడ రావాలి.

అన్నిటికంటే జాగ్రత్త కావాల్సింది డంబెల్స్ ఎత్తుకునేటప్పుడు. బెంచ్ చివర కూర్చుని, రెండింటినీ తొడల మీద మోకాళ్ల దగ్గర నిలువుగా ఆనించండి. వెనక్కి వాలుతూ ఒక్కో మోకాలితో తంతే డంబెల్ భుజం దగ్గరికి వచ్చేస్తుంది. పడుకుని నేల మీంచి లాగారో, భుజం పట్టేస్తుంది. మే నెల ఎండల్లో అరచేతులు చెమటకు జారతాయి, ప్రతి సెట్‌కీ (ఆపకుండా చేసే ఒక్కో విడతకీ) ముందు తుడుచుకోండి. సాయం పట్టే వాళ్లకు మణికట్లు పట్టుకోమని ముందే చెప్పండి. మోచేతుల కింద పట్టుకుంటే, చేతులు మడతపడినప్పుడు బరువు ముఖం మీదకి రావచ్చు.

బరువు పెంచడంలోనూ తేడా ఉంది. రాడ్‌కి అటూ ఇటూ 1.25 ప్లేట్లు వేస్తే మొత్తం 2.5 పెరుగుతుంది. డంబెల్స్ చేతికి 2.5 చొప్పున పెరిగితే మొత్తం 5. తేలిక బరువుల్లో ఇది పెద్ద గెంతే. అందుకే 8 రెప్స్ 12 అయ్యేదాకా అదే జతతో ఉండి, తర్వాతే పెద్దది అందుకోండి.

ఈ వారం అభ్యాసం: సోమవారం రాడ్, గురువారం డంబెల్స్, ఒక్కోటి మూడు సెట్లు. నోట్‌బుక్‌లో రెండింటికీ వేర్వేరు పేజీలు పెట్టండి. డంబెల్స్ పేజీలో ఏ చేయి ముందు అలసిందో కూడా రాయండి. వచ్చే పాఠంలో బెంచ్ ఏటవాలుగా పెట్టి చేసేటప్పుడు ఆ వివరం కావాలి.