కొత్త ప్యాడ్లు వేశాక బ్రేకు మొండికేస్తే

పోయిన వేసవిలో ఒక ఉదయం తమ్ముడు ఫోను చేశాడు. "అన్నా, కొండ దిగుతున్నాను. న్యూట్రల్‌లో పెట్టినా బండి కదలడం లేదు. ముందు చక్రం దగ్గర కాలిన వాసన వస్తోంది." ముందు రోజు సాయంత్రమే ఒక మెకానిక్ దగ్గర ముందు బ్రేకుకు కొత్త ప్యాడ్లు వేయించుకున్నాడు. నేను అలిపిరి దగ్గరే ఉన్నాను, అయినా వాడి దగ్గరికి వెళ్లలేను. 1944లో వేసిన తిరుమల మొదటి ఘాట్ రోడ్డు ఇప్పుడు దిగే దారి. కింది నుంచి దానికి ఎదురు పోనివ్వరు. అందుకే లోపమేమిటో ఫోనులోనే వెతికాం. ఆ కథ మూడో సమస్య దగ్గర చెబుతాను.

ముందు ఒక విషయం. ప్యాడ్లు మార్చినప్పుడు కదిలేవి ప్యాడ్లు మాత్రమే కావు. అరిగిన ప్యాడ్ పలచగా ఉంటుంది, కొత్తది మందంగా ఉంటుంది. దానికి చోటు కావాలంటే, ప్యాడ్లను డిస్కు మీదికి అదిమే క్యాలిపర్‌లోని పిస్టన్‌ను లోపలికి నెట్టాలి. అప్పుడు దాని వెనక ఉన్న బ్రేక్ ఆయిల్ గొట్టం గుండా హ్యాండిల్ మీది డబ్బాలోకి ఎక్కుతుంది. ఇంతకాలం దుమ్ములో ఉన్న పిస్టన్ అంచు, దాని చుట్టూ ఉండే రబ్బరు సీలును దాటి లోపలికి వెళుతుంది. పాత డిస్కు మీద కొత్త ప్యాడ్ ఇంకా సరిగా కూర్చోదు. మనం "ప్యాడ్లు నకిలీవేమో" అని దుకాణదారుతో పోట్లాడే సందర్భాల్లో చాలా వరకు తప్పు ఈ మూడింటిలో ఒకదానిది.

లివర్ నొక్కితే హ్యాండిల్‌కు ఆనుతోంది, బ్రేకు పట్టడం లేదు

ప్యాడ్లు వేసిన వెంటనే ఇలా జరిగితే అది లోపం కాదు. లోపలికి నెట్టిన పిస్టన్‌కూ ప్యాడ్‌కూ మధ్య ఖాళీ ఉంది, అంతే. బండి నిలబెట్టి ఉంచి, లివర్‌ను పది పదిహేను సార్లు నెమ్మదిగా నొక్కి వదలండి. పిస్టన్ ముందుకు వచ్చి లివర్ గట్టిపడుతుంది. తర్వాత డబ్బాలో ఆయిల్ మట్టం చూడండి. ఈ పని ఇంటి ముందు చేస్తే ఒక నిమిషం చాలు. మరిచిపోయి కపిలతీర్థం రోడ్డు దాకా వెళ్లి, అక్కడ మొదటిసారి బ్రేకు వేస్తే ఎదుటి బస్సుకు తగులుతాం. మెకానిక్ చేతి నుంచి బండి తీసుకునేటప్పుడు కూడా, తాళం తిప్పకముందే లివర్ నొక్కి చూడండి.

పది పదిహేను సార్లు నొక్కినా గట్టిపడకపోతే తర్వాతి సమస్య చూడండి.

లివర్ స్పాంజిలా మెత్తగా ఉంది

గొట్టంలో గాలి చేరింది. ఆయిల్ నలగదు, గాలి నలుగుతుంది. మీ వేళ్ల బలమంతా ఆ బుడగను నలపడానికే పోతోంది. అయితే ప్యాడ్లు మార్చడానికి ఆయిల్ గొట్టం విప్పే అవసరమే లేదు. మరి గాలి ఎక్కడి నుంచి వచ్చింది? పిస్టన్ వెనక్కి పోవడానికి నిపుల్ (క్యాలిపర్ మీద గాలి తీసే చిన్న మర) వదులు చేసి, సరిగా బిగించక ముందే లివర్ నొక్కి ఉంటారు. లేదా డబ్బాలో మట్టం అడుగంటి ఉంటుంది.

గాలి తీయడానికి ఇద్దరు కావాలి. క్యాలిపర్ నిపుల్‌కు పారదర్శకమైన సన్నని గొట్టం తొడిగి, రెండో కొసను కొంచెం ఆయిల్ పోసిన సీసాలో ముంచండి. ఒకరు లివర్ నొక్కి అలాగే పట్టుకోవాలి. రెండోవారు నిపుల్‌ను పావు చుట్టు వదులు చేయాలి. చాలా బళ్లలో దీనికి 8 మిల్లీమీటర్ల స్పానర్ సరిపోతుంది. బుడగలు బయటికి వచ్చాక ముందు నిపుల్ బిగించాలి, ఆ తర్వాతే లివర్ వదలాలి. ఈ వరుస తప్పితే వచ్చిన గాలి తిరిగి లోపలికే పోతుంది. బుడగలు ఆగేవరకు ఇలాగే చేస్తూ, మధ్యమధ్య డబ్బాలో ఆయిల్ పోస్తూ ఉండండి.

ఏ ఆయిల్ వాడాలో డబ్బా మూత మీదే రాసి ఉంటుంది. మన బళ్లలో ఎక్కువగా డాట్ 3 లేదా డాట్ 4. డాట్ 5 సిలికాన్‌తో చేసినది, వీటితో కలపకూడదు. బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. కొత్త డాట్ 4 కనీసం 230 డిగ్రీల సెల్సియస్ వరకు మరగకూడదు. తేమ పట్టాక ఆ హద్దు 155కు పడిపోతుంది. ఘాట్ రోడ్డు మీద ఆయిల్ మరిగి ఆవిరైతే, ఆ ఆవిరి కూడా గాలిలాగే నలుగుతుంది. అందుకే రెండేళ్లు దాటిన ఆయిల్‌తో కొండ ఎక్కవద్దని నా మాట. ఎప్పుడో మూత తీసిన సీసాలోని మిగులును కూడా పోయకండి.

లివర్ నొక్కి పట్టుకుంటే నెమ్మదిగా కిందికి జారిపోతోందా? క్యాలిపర్ చుట్టూ తడి కనిపిస్తే సీలు చిరిగింది. తడి ఎక్కడా లేకపోతే మాస్టర్ సిలిండర్ (లివర్ నొక్కగానే ఆయిల్‌ను తోసే భాగం) లోపలి రబ్బరు పోయింది. రెండింటిలో ఏదైనా సరే, ఆ బండిని నడుపుకుంటూ మెకానిక్ దగ్గరికి వెళ్లవద్దు. ఆటో ట్రాలీలో ఎక్కించండి.

చక్రం బిగుసుకుంటోంది, డిస్కు కాలిపోతోంది

తమ్ముడికి వచ్చింది ఇదే. బండిని వెడల్పుగా ఉన్నచోట పక్కకు జరిపి ఆపమన్నాను. డిస్కు మీద నీళ్లు పోయవద్దని గట్టిగా చెప్పాను. అంత వేడి మీద ఒక్కసారిగా చల్లబడితే అది వంకర పోవచ్చు. నలభై నిమిషాల తర్వాత మళ్లీ ఫోను చేశాడు. "ఇప్పుడు చక్రం దానంతట అదే వదులైంది అన్నా." ఆ మాటతోనే కారణం సగం దొరికింది. సెంటర్ స్టాండ్ వేయించి, టూల్ కిట్‌లోని స్క్రూడ్రైవర్‌తో ఆయిల్ డబ్బా మూత తీయించాను. ఆయిల్ అంచు వరకు ఉంది.

ప్యాడ్లు అరిగేకొద్దీ డబ్బాలో మట్టం సహజంగానే తగ్గుతుంది. అది చూసి ఎవరో నిండా పోశారు. కొత్త ప్యాడ్ల కోసం పిస్టన్‌ను వెనక్కి నెట్టినప్పుడు ఆ ఆయిల్ కూడా పైకి వచ్చి డబ్బా పొంగే దాకా నిండింది. కొండ దిగేటప్పుడు వేడికి ఆయిల్ వ్యాకోచించింది, పోవడానికి చోటు లేదు. ఒత్తిడి పిస్టన్ మీద పడి బ్రేకు దానంతట అదే పట్టింది. పట్టేకొద్దీ వేడి, వేడి పెరిగేకొద్దీ మరింత పట్టు. గుడ్డతో పై గీత కిందికి వచ్చేవరకు ఆయిల్ తీయించాను. ఆ గుడ్డ ట్యాంకుకు తగిలితే రంగు లేచిపోతుంది కాబట్టి, చుక్క పడినచోటల్లా నీళ్లతో తుడవమన్నాను. రెండో గేరులో, వెనక బ్రేకుతో మెల్లగా దిగి వచ్చాడు.

అక్కడితో వదిలేయలేదు. ఇంట్లో క్యాలిపర్ విప్పితే, అది జారడానికి ఉండే రెండు పిన్నుల్లో ఒకటి తుప్పు పట్టి ఎండిపోయి ఉంది. ప్యాడ్లు మార్చేటప్పుడు ఆ పిన్నులు తీసి, తుడిచి, సిలికాన్ గ్రీజు రాయడం ఐదు నిమిషాల పని. ఆ పని జరగలేదు. అక్కడ మామూలు బేరింగ్ గ్రీజు రాయకండి, దానివల్ల పిన్నుల రబ్బరు తొడుగులు ఉబ్బిపోతాయి.

మీ బండిలో కారణం కనిపెట్టడానికి మంచి పరీక్ష ఒకటి ఉంది. చక్రం బిగుసుకున్నప్పుడే, డిస్కు చల్లారే లోపు జాగ్రత్తగా నిపుల్‌ను కొంచెం వదులు చేయండి. ఒక చుక్క చిమ్మి చక్రం వెంటనే తిరిగితే లోపల ఒత్తిడి చిక్కుకుంది. అప్పుడు డబ్బా నిండిపోయిందేమో, మాస్టర్ సిలిండర్‌లో ఆయిల్ తిరిగి వెళ్లే సన్నని రంధ్రం పూడిందేమో, లివర్ పూర్తిగా వెనక్కి వస్తోందో లేదో చూడాలి. నిపుల్ వదిలినా తిరగకపోతే లోపం క్యాలిపర్‌లోనే ఉంది: పిస్టన్ బిగుసుకుంది, లేదా పిన్నులు ఎండాయి, లేదా ప్యాడ్ చెవులు బ్రాకెట్‌లో ఇరుక్కున్నాయి. పిస్టన్‌ను వెనక్కి లాగే పని దాని చుట్టూ ఉన్న చదరపు అంచు రబ్బరు సీలుది. నొక్కినప్పుడు అది మెలి తిరుగుతుంది, వదలగానే యథాస్థితికి వస్తూ పిస్టన్‌ను లాగుతుంది. మట్టి పట్టిన పిస్టన్‌ను తుడవకుండా లోపలికి నెడితే ఆ సీలు ఆ పని చేయలేదు. నెట్టే ముందు బ్రేక్ క్లీనర్ చల్లి, మెత్తటి బ్రష్‌తో పిస్టన్ అంచును శుభ్రం చేయాలి.

చక్రం తిప్పినప్పుడు ప్యాడ్ కొద్దిగా రాసుకున్న చప్పుడు మాత్రం మామూలే. చేత్తో తిప్పి వదిలితే ఒకటి రెండు చుట్లు తిరిగే చక్రంతో బెంగలేదు.

లివర్ గట్టిగానే ఉంది, బండి మాత్రం ఆగడం లేదు

కొత్త ప్యాడ్ చదునుగా ఉంటుంది, పాత డిస్కు మీద గాడులు ఉంటాయి. మొదట్లో ఆ గాడుల గట్లే ప్యాడ్‌ను తాకుతాయి. ఉదయాన్నే ఖాళీ రోడ్డు మీద 40 కిలోమీటర్ల వేగం నుంచి 10కి, పూర్తిగా ఆగకుండా, ఇరవై ముప్పై సార్లు వేగం తగ్గించండి. మధ్యలో డిస్కు చల్లారడానికి కొంత దూరం బ్రేకు ముట్టకుండా నడపండి. ఈ సానబెట్టే పని కాకముందు తిరుమల గానీ, భాకరాపేట ఘాట్ గానీ, మొగిలి ఘాట్ గానీ పెట్టుకోవద్దు. సానబడని ప్యాడ్‌ను అంతసేపు నొక్కి ఉంచితే పైపొర గాజులా మెరుగెక్కి, ఆ తర్వాత అసలు పట్టదు. అలా మెరుగెక్కితే ఎమరీ కాగితాన్ని సమతలం మీద పరిచి, ప్యాడ్‌ను దాని మీద రుద్ది, మళ్లీ మొదటి నుంచి సానబెట్టాలి.

చెయిన్‌కు కొట్టిన స్ప్రే, గ్రీజు చేతులతో పట్టుకోవడం, కారిన బ్రేక్ ఆయిల్: వీటిలో ఏది తగిలినా డిస్కును శుభ్రం చేసి మళ్లీ వాడవచ్చు, ప్యాడ్‌ను మాత్రం మార్చండి. మంట మీద కాల్చి నూనె తీస్తామనే వారి మాట వినకండి. ప్రాణానికి కాపలా ఉండే వస్తువు అది.

కీచుమంటోంది, గతుకుల్లో గలగలమంటోంది

కీచు శబ్దం సానబెట్టాక తగ్గకపోతే ప్యాడ్ వెనక ఉండే పలచటి రేకు మళ్లీ వేశారో లేదో చూడండి. స్పీడ్ బ్రేకర్ దగ్గర గలగలమంటే, ప్యాడ్లను అదిమి ఉంచే చిన్న స్ప్రింగు రేకు పాత ప్యాడ్లతో పాటు చెత్తలోకి పోయి ఉంటుంది. ఆ రేకు విడిగా దొరుకుతుంది, అడిగి వేయించుకోండి.

బ్రేకు వేస్తే లివర్ వేళ్ల కింద కొట్టుకుంటోంది

ఇది ప్యాడ్ తప్పు కాదు. డిస్కు వంకర పోయింది, లేదా ఒకచోట ఎక్కువ అరిగింది. ఎంతవరకు అరగవచ్చో డిస్కు మీదే మిల్లీమీటర్లలో చెక్కి ఉంటుంది. అంతకంటే పలచబడితే డిస్కు మార్చాల్సిందే. గట్టిగా బ్రేకు వేసినప్పుడు మాత్రమే కొట్టుకుంటే, అది ఏబీఎస్ (చక్రం బిగుసుకుపోకుండా బ్రేకును పట్టి వదిలే ఏర్పాటు) తన పని తాను చేయడం కావచ్చు.

ఏబీఎస్ దీపం ఆరడం లేదు

బండి కొంచెం కదిలాక ఈ దీపం ఆరాలి. చక్రం విప్పి ఉంటే సెన్సార్ తీగ లాగబడిందేమో, సెన్సార్ కొన మీద ఇనుప పొడి పట్టిందేమో, పక్కనున్న పళ్ల రింగు వంగిందేమో చూడండి. తుడిచి, తీగను దాని క్లిప్పులో పెడితే చాలాసార్లు సరిపోతుంది. గొట్టంలో చేరిన గాలి ఏబీఎస్ యూనిట్ లోపలికి పోతే మాత్రం సర్వీస్ సెంటర్‌లోని యంత్రం తగిలించే తీయాల్సి రావచ్చు.