ఇంటి వైఫై రౌటర్ సెట్టింగులు మనమే మార్చుకోవడం ఎలా?

నెట్ పెట్టడానికి వచ్చినవాళ్లు వైఫై పేరు, పాస్‌వర్డ్ చెప్పి వెళ్లిపోతారు. రౌటర్ సెట్టింగుల్లోకి వెళ్లడానికి ఇంకో పాస్‌వర్డ్ ఉంటుంది, అదేమో చాలా ఇళ్లలో ఫ్యాక్టరీలో పెట్టిందే ఏళ్ల తరబడి అలా ఉండిపోతుంది. 2016లో మిరాయ్ అనే మాల్‌వేర్ లక్షల కెమెరాల్లోకి, రౌటర్లలోకి దూరింది ఇలాంటి పాస్‌వర్డ్‌లు వరుసగా కొట్టి చూసే.

ముందు రౌటర్ తిరగేసి స్టిక్కర్ చూడండి. 192.168.1.1 లేదా 192.168.0.1 లాంటి అడ్రస్, యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ మామూలుగా అక్కడే ఉంటాయి. ఫోన్‌ని ఆ వైఫైకి కలిపి, మొబైల్ డేటా ఆపేసి, బ్రౌజర్‌లో పైన ఆ అంకెలు కొట్టండి. 'సురక్షితం కాదు' అని హెచ్చరిక రావచ్చు, మీ ఇంటి బాక్సే కాబట్టి టెన్షన్ అక్కర్లేదు.

లోపలికి వెళ్లగానే ఏదీ ముట్టుకోకుండా ఇంటర్నెట్ లేదా వాన్ (WAN, అంటే బయటి నెట్ కనెక్షన్) అని ఉన్న పేజీని ఫొటో తీసి పెట్టుకోండి. ఆ పేజీలో ఏదైనా మారితే నెట్ పోవచ్చు.

ఇప్పుడు సిస్టమ్ లేదా అడ్మినిస్ట్రేషన్ మెనూలో అడ్మిన్ పాస్‌వర్డ్ మార్చండి, వైఫైకి పెట్టిందే దీనికీ పెట్టొద్దు. అక్కడే ఎక్కడో రిమోట్ మేనేజ్‌మెంట్ అని ఉంటుంది, ఆపేయండి, బయటి నుంచి మీ రౌటర్‌ని తెరవాల్సిన అవసరం మీకు దాదాపు రాదు. కొన్ని ఫైబర్ బాక్సుల్లో కంపెనీవాళ్లు ఈ ఆప్షన్ కనపడనివ్వరు, అప్పుడు మనం చేయగలిగింది లేదు.

తర్వాత వైఫై పేజీలో డబ్ల్యూపీఎస్ (WPS, అంటే పాస్‌వర్డ్ కొట్టకుండా బటన్‌తోనో పిన్‌తోనో వైఫైకి కలిపే పద్ధతి) ఆపండి. దాని పిన్‌లో 8 అంకెలున్నా రౌటర్ దాన్ని నాలుగేసి అంకెల రెండు ముక్కలుగా సరిచూస్తుంది, చివరి అంకేమో మిగతా ఏడింటి నుంచి లెక్క కట్టి పెట్టేది. అంటే మొదటి ముక్కకి 10,000, రెండోదానికి 1,000, మొత్తం 11,000 ప్రయత్నాల్లో దొరికిపోతుంది, 2011లోనే ఈ లోపం బయటపడింది. సెక్యూరిటీ అని ఉన్నచోట డబ్ల్యూపీఏ3 (WPA3, వైఫైకి వేసే తాళంలో కొత్త రకం) పెట్టండి, పాత టీవీయో ప్రింటరో కలవనని మొరాయిస్తే డబ్ల్యూపీఏ2, డబ్ల్యూపీఏ3 కలిసి ఉన్న ఆప్షన్ ఎంచుకోండి.

అపార్ట్‌మెంట్‌లో అయితే పక్కవాళ్ల వైఫై అడ్డు తగలకుండా 2.4 గిగాహెర్ట్జ్ (2.4GHz) వైఫైకి ఛానెల్ 1, 6, 11లో ఒకటి పెట్టండి, ఇవి మూడే ఒకదాని మీద ఒకటి పడవు. పక్క ఫ్లాట్లవాళ్లు ఏది వాడుతున్నారో వైఫై ఎనలైజర్ యాప్‌లో కనిపిస్తుంది. చుట్టాలకి గెస్ట్ నెట్‌వర్క్, అంటే వేరే పేరు, పాస్‌వర్డ్ ఉన్న వైఫై, ఇస్తే సరి.

ఫర్మ్‌వేర్ (రౌటర్ లోపలి సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ కరెంటు పోయే వేళలో మాత్రం పెట్టుకోవద్దు, మధ్యలో ఆగితే బాక్స్ పనికిరాకుండా పోవచ్చు.

ఇక నెట్ స్లో అయిందని వెనక చిన్న రంధ్రంలో పిన్ను గుచ్చేవాళ్లున్నారు. అది రీస్టార్ట్ కాదు, రీసెట్. పది సెకన్లు నొక్కితే ఇప్పటిదాకా చేసినవన్నీ పోతాయి, ఫైబర్ బాక్స్ అయితే కనెక్షన్ వివరాలు కూడా పోవచ్చు, కస్టమర్ కేర్‌కి ఫోన్ చేసి వాళ్ల మనిషి వచ్చేదాకా కూర్చోవాల్సిందే.