విశాఖలో కమర్షియల్ బిల్డింగ్‌కి ఫైర్ అలారం: లెక్క, వైరింగ్, పరీక్ష

ఫైర్ అలారం ఉన్న బిల్డింగ్‌లో మనం ముందు భయపడాల్సింది, ఎవరో దాన్ని ఆపేసి ఉంచారేమోనని. ఊరికే మోగుతోందని హూటర్ (మోగే సైరన్) వైరు పీకేస్తారు, లేదా అలారాన్ని నడిపే పెట్టె అయిన ప్యానెల్‌లో ఆ జోన్‌ని, అంటే ఆ భాగంలోని డిటెక్టర్లన్నిటినీ, డిసేబుల్ చేసి మర్చిపోతారు. అందుకే ఊరికే మోగకుండా ఉండే ఏర్పాటు డిజైన్‌లోనే చేసుకోవాలి.

ఏ భవనానికి ఏం కావాలో నేషనల్ బిల్డింగ్ కోడ్ 2016 నాలుగో భాగం చెబుతుంది. ఎలా పెట్టాలో ఐఎస్ 2189 అనే భారత ప్రమాణం చెబుతుంది. 15 మీటర్లు, ఆపై ఎత్తున్న కమర్షియల్ భవనానికి ఆంధ్రప్రదేశ్ ఫైర్ సర్వీస్ చట్టం, 1999 కింద అగ్నిమాపక శాఖ ఎన్‌ఓసీ (నిరభ్యంతర పత్రం) కావాలి. ఫంక్షన్ హాళ్లు, స్కూళ్లు, సినిమా హాళ్లు లాంటి జనం చేరే చోట్లకు కొలతలు వేరు, అంత ఎత్తు లేకున్నా వర్తిస్తాయి. ద్వారకానగర్‌లో మామూలుగా కనిపించే బిల్డింగ్‌నే తీసుకోండి: కింద బట్టల షాపు, పైన కోచింగ్ సెంటర్, ఆపైన హాస్టల్. ఏ అంతస్తుని ఎందుకు వాడుతున్నారో దాన్నిబట్టి ఆ అంతస్తు అవసరం చూడాలి, ప్యానెల్ మాత్రం మొత్తానికీ ఒకటే ఉండాలి. కింద షాపులో పొగొస్తే పైన హాస్టల్లో మోగకపోతే ఆ అలారం ఎవరికోసం?

డిటెక్టర్ల లెక్కలోనే ఎక్కువ మంది తప్పుతారు. చదునైన సీలింగ్ కింద ఏ మూల నుంచైనా దగ్గర్లోని స్మోక్ డిటెక్టర్ 7.5 మీటర్ల లోపు ఉండాలి, హీట్ డిటెక్టరయితే 5.3 మీటర్ల లోపు. 20 మీటర్ల పొడవు, 12 మీటర్ల వెడల్పు ఉన్న ఖాళీ హాలుకి రెండు స్మోక్ డిటెక్టర్లు చాలనిపిస్తుంది. కానీ ఒక్కోదాని వంతు 10 × 12 మీటర్లు, మధ్య నుంచి మూలకి 7.8 మీటర్లు. అంటే అడుగు దూరంలో తప్పింది. వరసగా మూడు పెడితే మూల దూరం 6.9 మీటర్లకి తగ్గుతుంది, సరిపోతుంది. ఇప్పుడు అదే హాల్లో అద్దెకొచ్చినవాళ్లు ఐదు క్యాబిన్లు కట్టారనుకోండి, ఆ మూడింటి లెక్క అక్కడితో చెల్లు. సీలింగ్‌ని దాదాపు తాకే పార్టిషన్‌ని గోడగానే లెక్కించాలి, ప్రతి క్యాబిన్‌కీ డిటెక్టర్ పెట్టాలి. ఇంటీరియర్ పని మొదలయ్యే ముందే ఈ మాట అద్దె ఒప్పందంలో రాయించడం మంచిది. ఫాల్స్ సీలింగ్ పైన ఖాళీ 800 మిల్లీమీటర్లు దాటితే అక్కడా డిటెక్టర్ కావాలి. అది వెలిగిందో లేదో కింద నుంచి కనపడదు కాబట్టి దానికి ఒక ఇండికేటర్ లైటు బయట పెట్టాలి.

గోడకి అర మీటరు లోపు, ఏసీ గాలి వచ్చే గ్రిల్‌కి మీటరు లోపు డిటెక్టర్ పెట్టకండి. వీలైతే గ్రిల్‌కి మీటరున్నర వదలండి. విశాఖలో దీనికి ఇంకో కారణం కూడా ఉంది. బీచ్ రోడ్డు వైపు తలుపు తీసినప్పుడల్లా తేమ గాలి లోపలి చల్లటి గాలితో కలిసి, డిటెక్టర్ లోపల సన్నటి నీటి తెర కడుతుంది, స్మోక్ డిటెక్టర్ దాన్ని పొగ అనుకుంటుంది. ప్రవేశ ద్వారం పైన కాకుండా లోపలికి జరిపితే ఈ బాధ చాలావరకు తగ్గుతుంది. వంటగదిలో స్మోక్ డిటెక్టర్ వద్దు. ఇడ్లీ ఆవిరికీ పోపు పొగకీ రోజూ మోగుతుంది. ఒక స్థాయి వేడి దాటితేనే మోగే ఫిక్స్‌డ్ టెంపరేచర్ హీట్ డిటెక్టర్ పెట్టండి. వేడి ఒక్కసారిగా పెరిగితే మోగే రేట్ ఆఫ్ రైజ్ రకం కూడా అక్కడ పనికిరాదు, పెద్ద పాత్ర మూత తీస్తే చాలు, కొట్టేస్తుంది. షాపులో సాయంత్రం సాంబ్రాణి వేసే చోటు ముందే అడిగి తెలుసుకుని, డిటెక్టర్‌ని దానికి దూరంగా పెట్టాలి. ఇది అడగని కాంట్రాక్టరు పెట్టిన డిటెక్టర్‌కి నెల తిరక్కుండానే ప్లాస్టిక్ కవర్ పడుతుంది.

కన్వెన్షనల్ ప్యానెల్ (ఏ జోన్‌లో మోగిందో మాత్రమే చెప్పేది) అయితే వైరింగ్‌లో ఒక్క సంగతి మీరే దగ్గరుండి చూడండి. జోన్ వైరు ఒక డిటెక్టర్ బేస్‌లోకి వచ్చి, అందులోంచే తర్వాతి దానికి వెళ్లాలి. చివరి పరికరం దగ్గర ఎండ్ ఆఫ్ లైన్ రెసిస్టర్ ఉండాలి, వైరు చివరిదాకా తెగకుండా ఉందని ప్యానెల్‌కి తెలిసేది దానివల్లే. ఎలక్ట్రీషియన్ ఇళ్ల వైరింగ్ అలవాటులో మధ్యలో టీ జాయింట్ కొట్టి పక్కకి ఒక డిటెక్టర్ ఇస్తే, ఆ కొమ్మలో వైరు తెగినా ప్యానెల్‌కి తెలియదు, పచ్చ లైటు అలాగే వెలుగుతుంది. రెసిస్టర్‌ని ప్యానెల్ లోపలే బిగించడం కూడా ఇలాంటి మోసమే. అడ్రసబుల్ ప్యానెల్‌లో (ఏ డిటెక్టర్ మోగిందో విడిగా చెప్పేది) లూప్ వైరు వెళ్లి తిరిగి ప్యానెల్‌కే రావాలి. ప్రతి 20 పరికరాలకి ఒక ఐసొలేటర్ పెట్టుకుంటే ఒక చోట షార్ట్ అయినా మిగతా లూప్ బతుకుతుంది. సముద్రం దగ్గర రాగి టెర్మినళ్లకి పచ్చగా చిలుము పడుతుంది, దాంతో ఫాల్ట్ వస్తూ పోతూ ఉంటుంది. బయటి హూటర్లకీ, ఎంసీపీలకీ (మంట చూసినవాళ్లు చేత్తో నొక్కే మాన్యువల్ కాల్ పాయింట్లు) దుమ్ము, నీళ్లు లోపలికి వెళ్లని ఐపీ 65 రకం తీసుకోండి, వైరు లోపలికి వెళ్లేచోట ఉండే గ్లాండ్లు గట్టిగా బిగించండి.

ఎంసీపీ బయటికెళ్లే ప్రతి దారిలో, ప్రతి మెట్ల దగ్గర, నేల నుంచి 1.4 మీటర్ల ఎత్తులో పెట్టాలి. హూటర్ శబ్దం 65 డెసిబెళ్లకి తగ్గకూడదు. చుట్టూ రొద ఎక్కువుంటే దానికన్నా 5 ఎక్కువ వినిపించాలి. నిద్రపోయే గదుల్లో మంచం తలవైపు 75. తలుపులు మూసి కొలవండి. అలారం కొట్టగానే కార్డు పెట్టి తెరిచే తలుపులు వాటంతటవే తెరుచుకోవాలి, ఏసీ బ్లోయర్లు ఆగాలి, లిఫ్టులు కిందికి రావాలి.

బ్యాటరీ లెక్క ఇలా: ప్యానెల్ మామూలుగా 0.3 ఆంపియర్, అలారంలో 2 ఆంపియర్లు తీసుకుంటే, 24 గంటలకి 7.2 ఆంపియర్ అవర్లు, అలారం అరగంటకి 1, కలిపి 8.2. పాతబడితే తగ్గే సామర్థ్యానికి నాలుగో వంతు కలిపితే 10.25. అంటే 12 ఆంపియర్ అవర్ బ్యాటరీలు రెండు, సిరీస్‌లో, 24 వోల్టులకి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు ఊళ్లో రోజుల తరబడి కరెంటు లేదు. అలాంటప్పుడు ఈ లెక్క చాలదు, ప్యానెల్‌ని జనరేటర్ లైనుకి కూడా కలపండి. బ్యాటరీ మీద బిగించిన తేదీ మార్కర్‌తో రాయండి.

అప్పగించే రోజు ప్రతి డిటెక్టర్‌నీ టెస్ట్ స్ప్రేతో పరీక్షించాలి. అగరుబత్తి పొగ వద్దు, లోపల మసి పేరుకుంటుంది. పెయింటింగ్ అప్పుడు తొడిగిన కవర్లన్నీ లెక్కపెట్టి వెనక్కి తీసుకోండి. ఒక డిటెక్టర్ ఊడదీసి ప్యానెల్‌లో ఫాల్ట్ వస్తుందో లేదో చూడండి, ఆపైన మెయిన్స్ ఆపి హూటర్ కొట్టించండి. తర్వాత వారానికొక ఎంసీపీ, ప్రతిసారీ వేరేది, టెస్ట్ తాళంతో నొక్కి చూడాలి. జోన్ డిసేబుల్ చేస్తే ఎవరు, ఎందుకు, ఎన్ని గంటల వరకు అన్నది ప్యానెల్ పక్కన పుస్తకంలో రాయాలి. అంతసేపూ ఆ అంతస్తులో ఒక మనిషి తిరుగుతూ ఉండాలి.

చాలా బిల్డింగుల్లో ప్యానెల్ ఫైర్ స్టేషన్‌కి తనంతట తాను ఫోన్ చెయ్యదు. మోగగానే 101కి గానీ 112కి గానీ ఎవరు చెయ్యాలో ప్రతి షిఫ్టుకీ పేరు పెట్టి చెప్పండి. బిల్డింగ్ పూర్తి చిరునామా, దగ్గరి జంక్షన్ పేరు ప్యానెల్ తలుపు మీద పెద్ద అక్షరాలతో తెలుగులో అంటించండి.