కెరటాలు చదువుదాం, 4వ పాఠం: మీటరున్నర అని చూసి వెళ్లినవాళ్లకు

ఈసారి ఆటుపోట్లు మొదలుపెడదామనుకున్నాను, కుదిరేలా లేదు. పోయిన పాఠం చివర "శనివారానికి రుషికొండ ఫోర్‌కాస్ట్ చూడండి, సర్ఫింగ్‌కు దిగాలో వద్దో మీరే తేల్చుకోండి, తర్వాత వెళ్లి ఏం కనిపించిందో నాకు రాయండి" అని పని ఇచ్చాను కదా. వచ్చిన జవాబులన్నీ చదివాక ముందు అవే సరిచేయాలనిపించింది. చాలామంది రాసింది ఒకటే మాట: "1.5 మీటర్లు అని ఉంది మాస్టారూ, బోర్డు అద్దెకు తీసుకుని తెల్లారేసరికి వెళ్లాం, తీరా చూస్తే సముద్రమంతా చిందరవందరగా ఉంది, ఒక్క కెరటం కూడా నిలబడి విరగలేదు." ఒకరిద్దరు మాత్రం దీనికి పూర్తిగా ఎదురు సంగతి రాశారు. వాళ్లు ఇంకో రోజు 1 మీటరే కదా అని దిగి గట్టి దెబ్బ తిన్నారు. ఈ రెండూ ఒకే తప్పు. ఎత్తు చూశారు, పీరియడ్ (కెరటానికీ కెరటానికీ మధ్య సమయం) చూడలేదు.

మొదట ఆ మీటరున్నర లెక్క. ఫోర్‌కాస్ట్‌లో పైన కనిపించే కెరటం ఎత్తు చాలాసార్లు అన్నీ కలిపిన అంకె. ఎక్కడో దూరాన పుట్టి మన దాకా వచ్చిన కెరటాలు, అంటే స్వెల్, మన కళ్లముందే గాలి లేపిన చిల్లర కెరటాలు, రెండూ అందులో ఉంటాయి. కలపడం కూడా మామూలు కూడిక కాదు, ఒక్కో ఎత్తుకీ వర్గం కట్టి, రెండూ కూడి, వర్గమూలం తీస్తారు. ఆ శనివారం స్వెల్ 0.9 మీటర్లు, గాలి కెరటం 1.2 మీటర్లు. 0.81కి 1.44 కలిపితే 2.25, దాని వర్గమూలం 1.5. అంటే మీరు చూసి సంబరపడ్డ మీటరున్నరలో పెద్ద వాటా గాలిదే, ఆ గాలి కెరటం పీరియడ్ 5 సెకన్లు. ఇదంతా కింది వరుసల్లో విడివిడిగా ఉంది. కిందికి వెళ్లి చూడమని నేను చెప్పలేదు, ఆ తప్పు నాదే.

పీరియడ్ అంటే ఒక కెరటం శిఖరానికీ దాని వెనక శిఖరానికీ మధ్య పట్టే సమయం, ఇది మొదటి పాఠంలోనే అయిపోయింది. 5, 6 సెకన్లంటే దగ్గర్లో పుట్టింది, పొట్టిది, ఒకదాని మీద ఒకటి పడుతూ వస్తుంది. 12 దాటితే దూరం నుంచి వచ్చింది, బారులు తీరి, మధ్యలో ఖాళీ ఇస్తూ వస్తుంది. లోతు నీళ్లలో 6 సెకన్ల కెరటం పొడవు 56 మీటర్లు ఉంటే 15 సెకన్ల కెరటం పొడవు 350 మీటర్లు. అంత పొడవున్నది తీరం దగ్గర లోతు తగ్గేచోటుకి వచ్చినప్పుడు వెనక నుంచి నెట్టుకొచ్చిన బలమంతా పైకి లేస్తుంది. అందుకే 1 మీటర్ ఎత్తు, 6 సెకన్ల పీరియడ్ ఉన్నది తిన్నగా ఒడ్డుకొస్తే విరిగేటప్పుడు సుమారు 1.2 మీటర్లే ఉంటుంది. అదే 1 మీటర్, 15 సెకన్లయితే దాదాపు 1.8 మీటర్లు. మనిషి ఎత్తు నీళ్లు. ఫోర్‌కాస్ట్‌లో మాత్రం రెండూ 1 మీటరే.

దెబ్బ తిన్న అబ్బాయి రాసింది నాకు మనసులోంచి పోవడం లేదు. ఒడ్డున పది నిమిషాలు నిలబడ్డాడట, సముద్రం చెరువులా ఉందట. "ఇంత దూరం వచ్చి ఇదా" అనుకుని లోపలికి పోయాడు. సగం దూరం పోయాక ఎదురుగా నీలం గీత ఒకటి లేచింది, దాని వెనక ఇంకొకటి, వాటి వెనక మరో మూడు. మొదటిది బోర్డు లాక్కుంది, రెండోది తేలకముందే నెత్తిన పడింది. కాలికి కట్టుకున్న తాడు తెగి ఉంటే ఆ జవాబు నాకు వచ్చేది కాదేమో. పొడుగు పీరియడ్ స్వెల్ గుంపులుగా వస్తుంది, గుంపుకీ గుంపుకీ మధ్య పది పన్నెండు నిమిషాలు ఏమీ ఉండకపోవచ్చు. కాబట్టి పీరియడ్ 12 దాటిన రోజు ఒడ్డున కనీసం ఇరవై నిమిషాలు కూర్చోకుండా దిగొద్దు. ఇందులో నాతో వాదించకండి. పైగా ఫోర్‌కాస్ట్ ఇచ్చే ఎత్తు అన్నిటికన్నా పెద్ద కెరటానిది కాదు, పెద్దవైన మూడో వంతు కెరటాల సగటు. 1 మీటర్ అని రాసి ఉన్న రోజు కొన్ని గంటల్లో ఎప్పుడో ఒకసారి దానికి రెండింతలకు దగ్గరగా ఒకటి వస్తుంది. ఫోర్‌కాస్ట్ తప్పిందని అప్పుడు అనకూడదు.

"గాలి లేదు, వాన లేదు, మరి ఆ కెరటాలు ఎక్కడివి" అని కూడా అడిగారు. విశాఖకు ఏటా వచ్చే మంచి స్వెల్‌లో చాలా భాగం హిందూ మహాసముద్రం దక్షిణపు కొసన, 40, 50 డిగ్రీల దక్షిణ అక్షాంశాల దగ్గర లేచే తుఫానులది. అక్కడ చలికాలం అంటే మనకు మే నుంచి సెప్టెంబర్ దాకా, అవి ఎక్కువగా అప్పుడే పంపుతాయి. అక్కణ్ణుంచి మనకు ఏడు వేల కిలోమీటర్ల పైమాటే. నేను వాడే అడ్డదారి ఒకటుంది: పీరియడ్‌ను 67తో గుణించండి, స్వెల్ రోజుకు ఎన్ని కిలోమీటర్లు నడుస్తుందో వస్తుంది. 15 సెకన్లది రోజుకు వెయ్యి కిలోమీటర్లు, అంటే వారం. 18 సెకన్లది ఆరు రోజులు. 12 సెకన్లదానికి తొమ్మిది. అందుకే ఒకే తుఫానులో పుట్టినా పొడుగువి ముందొస్తాయి, పొట్టివి వెనకొస్తాయి. ఫోర్‌కాస్ట్‌లో ఒక రోజు 0.3 మీటర్లు, 18 సెకన్లు అని కనిపిస్తే "ముప్పై సెంటీమీటర్లా" అని పక్కన పడేయకండి, అది కబురు మాత్రమే, అసలు సరుకు తర్వాతి రెండు మూడు రోజుల్లో ఉంటుంది. మలయాళంలో ఇలా చప్పుడు లేకుండా వచ్చి ఒడ్డు ముంచేదాన్ని కళ్లక్కడల్ అంటారు, దొంగలా వచ్చే సముద్రం అని.

స్వెల్ దిక్కు గురించి ఒక్క మాట చెప్పి వదిలేస్తాను. విశాఖ నుంచి తిన్నగా దక్షిణానికి గీత గీస్తే శ్రీలంక తూర్పు ఒడ్డుకు పక్కగా పోతుంది. దక్షిణం నుంచి గానీ కాస్త ఆగ్నేయం వైపు నుంచి గానీ వచ్చే స్వెల్‌కు దారి ఖాళీ. నైరుతి వైపుకు జరిగేకొద్దీ శ్రీలంక అడ్డం, ఆ పైన మన భూమే అడ్డం. 170 డిగ్రీలని (దక్షిణానికి కాస్త తూర్పుగా) ఉన్న 1 మీటరూ, 205 డిగ్రీలని (నైరుతి వైపుగా) ఉన్న 1 మీటరూ మనకు ఒకటి కాదు.

ఇక నన్ను నిజంగా విసిగించిన సంగతి: గాలి బాణం. సగం మందికి పైగా దీన్ని తిరగేసి చదివారు. రెండో పాఠంలో చెప్పాను, మూడో పాఠంలో మళ్లీ చెప్పాను, అయినా "వాయవ్యం అని రాసి ఉంది, అంటే గాలి వాయవ్యానికి పోతోంది, అంటే సముద్రం మీంచి ఒడ్డుకు, కాబట్టి మానేశాం" అని ఒకరు ఇంకో రోజు గురించి రాశారు. ఆ రోజు ఆయన పోగొట్టుకున్నది నెలలో కల్లా మంచి పొద్దు. గాలి పేరు అది వచ్చిన దిక్కు. పోయే దిక్కు ఎప్పుడూ కాదు. ఇది ఎవరో ఇంగ్లీషువాళ్లు పెట్టిన నియమం అనుకుంటున్నారు గానీ, మన మాటలోనే ఉంది. నైరుతి రుతుపవనాలు నైరుతి నుంచి వస్తాయి. ఈశాన్య రుతుపవనాలు ఈశాన్యం నుంచి వస్తాయి. మే నెలలో ఒంగోలులో ముఖం మాడ్చేసే పడమటి గాలి పడమర నుంచే వస్తుంది, అది తూర్పుకు పోతోంది కదా అని దాన్ని ఎవరూ తూర్పు గాలి అనరు. ఇంట్లో మాట్లాడేటప్పుడు తప్పు చేయరు, యాప్ తెరిస్తే మాత్రం చేస్తారు. ఎందుకంటే యాప్‌లో అక్షరాలతో పాటు బాణం ఉంటుంది, చాలా యాప్‌లలో ఆ బాణం మొన గాలి పోయే వైపు చూపిస్తుంది. అక్షరాలు వచ్చిన దిక్కు, మొన పోయే దిక్కు. రెండూ నిజమే. ఎన్‌డబ్ల్యూ అని రాసి, బాణం మొన కుడి కింది మూలకు ఉంటే అది వాయవ్యం నుంచి ఆగ్నేయానికి పోయే గాలి. డిగ్రీల్లో ఇచ్చినా అంతే, 315 అంటే వాయవ్యం నుంచి, 135 అంటే ఆగ్నేయం నుంచి. స్వెల్ దిక్కు కూడా వచ్చిన దిక్కే. సముద్ర ప్రవాహం ఒక్కటే తిరగబడుతుంది, దానికి మాత్రం పోయే దిక్కు రాస్తారు, ఆ వరుస మీరు ప్రస్తుతానికి చూడొద్దు.

రుషికొండలో ఒడ్డు ఈశాన్యం నుంచి నైరుతికి సాగుతుంది, సముద్రం ఆగ్నేయంలో ఉంటుంది. నీళ్ల వైపు తిరిగి నిలబడండి. గాలి వీపుకు తగిలితే వాయవ్యం, నేల మీంచి వస్తోంది, కెరటం ముఖాన్ని నున్నగా దువ్వి నిలబెడుతుంది. ముఖానికి తగిలితే ఆగ్నేయం, కెరటాన్ని వెనక నుంచి తోసి ముందే కూలుస్తుంది. కుడి చెంపకు తగిలితే నైరుతి, ఎడమ చెంపకు తగిలితే ఈశాన్యం, ఈ రెండూ పక్కవాటు, గంటకు 10 కిలోమీటర్ల లోపయితే పర్వాలేదు. చెన్నై నుంచి చదువుతున్నవాళ్లకు కోవలంలో సముద్రం తూర్పున ఉంది, మీకు పడమటి గాలి మంచిది. కర్ణాటకలో ముల్కికి వెళ్లేవాళ్లకు సముద్రం పడమర, అక్కడ తూర్పు గాలి మంచిది. దిక్కుల్ని బట్టీ పట్టకండి, వీపు గుర్తుపెట్టుకోండి. గాలి వేగం నాట్లలో ఉందో కిలోమీటర్లలో ఉందో కూడా చూడండి, 10 నాట్లంటే గంటకు 18.5 కిలోమీటర్లు. టైం యూటీసీలో (అంతర్జాతీయ సమయంలో) ఇస్తే ఐదున్నర గంటలు కలపాలి, అక్కడ 00 అంటే మనకు పొద్దున 5:30.

జోడుగుళ్లపాలెం ఒడ్డున వల సర్దుకుంటున్న తాతను మొదటిసారి నేను ఎప్పుడు దిగాలి అని అడిగినప్పుడు ఆయన తల కూడా ఎత్తలేదు. రెండు వేళ్లతో వల కన్ను విడదీసి, అందులో ఇరుక్కున్న చిన్న పీత కాలు తీసి పారేస్తూ అన్నాడు: "నేల గాలి ఉంది కదా బాబూ, ఇప్పుడే దిగు. ఎండెక్కితే సముద్రం గాలి తోసేస్తాది." రాత్రంతా చల్లబడిన నేల మీంచి గాలి నీళ్ల వైపు పోతుంది, పొద్దెక్కి నేల వేడెక్కాక అది తిరగబడుతుంది. నా మటుకు నేను తెల్లారినప్పటి నుంచి ఎనిమిదిన్నర దాకే ఉంటాను, ఆ తర్వాత ఎంత మంచి ఫోర్‌కాస్ట్ ఉన్నా ఇంటికి వచ్చేస్తాను. వానాకాలంలో రుతుపవనాలు గట్టిగా ఉన్నప్పుడు ఈ రాత్రీ పగలూ లెక్క అంతగా పనిచేయదు, అప్పుడు గంటగంటకూ చూసుకోవాల్సిందే.

ఆటుపోట్లు వచ్చే పాఠంలో పూర్తిగా. అప్పటిదాకా ఒక్కటి: పోటు రోజుకు సుమారు 50 నిమిషాలు ఆలస్యంగా వస్తుంది. క్యాలెండర్‌లో తిథి చూసే అలవాటున్నవాళ్లు తిథికి రెండు గడియలు, అంటే 48 నిమిషాలు వేసుకోండి, సరిపోతుంది. ఒక అమావాస్యనాడు మీ ఒడ్డున పోటు టైం రాసుకుంటే మిగతా పక్షమంతా వేళ్ల మీద చెప్పేయొచ్చు, నేను యాప్ తీయకుండా అలాగే చెబుతాను.

ఏ యాప్ మంచిది అని అడిగినవాళ్లకు: దాదాపు అన్నీ లోతు నీళ్ల మోడళ్లే, మీ ఒడ్డున ఇసుక తిన్నె ఎక్కడుందో దేనికీ తెలియదు. నేను ముందు హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ (కేంద్ర ప్రభుత్వ సముద్ర సమాచార సంస్థ) ఇచ్చే సముద్ర స్థితి ఫోర్‌కాస్ట్ చూస్తాను. విశాఖ దగ్గర నీళ్లలో వాళ్ల వేవ్ రైడర్ బోయ్ ఉంది, నీళ్ల మీద తేలే పరికరం, అది కెరటాలను కొలిచి చెబుతుంది. ఎత్తైన కెరటాల హెచ్చరిక గానీ స్వెల్ హెచ్చరిక గానీ వాళ్లు ఇచ్చిన రోజు ఇంకేమీ చదవను, బోర్డు ముట్టుకోను. అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా బంగాళాఖాతంలో వాయుగుండం కనిపిస్తే కూడా అంతే. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తీరం దాటినప్పుడు బీచ్ రోడ్డు ఏమైందో విశాఖవాళ్లకు నేను చెప్పక్కర్లేదు. తుఫాను స్వెల్ అందంగా ఉంటుందని విని దూరం నుంచి వచ్చేవాళ్ల కోసం చెబుతున్నాను.

పని: ఈసారి పది రోజులు. వారాంతం ఒక్కటే కాదు, వరుసగా పది రోజులు, నీళ్లలో దిగకుండా. రాత్రి పడుకోబోయే ముందు మర్నాడు ఆరు గంటలకు స్వెల్ ఎత్తు, పీరియడ్, దిక్కు, గాలి కెరటం ఎత్తు, గాలి దిక్కు, వేగం రాయండి. పక్కనే మీ అంచనా ఒక వాక్యం, "నున్నగా, నడుము ఎత్తు, ఖాళీలు ఎక్కువ" లాగా. పొద్దున్న ఆరుకు ఒడ్డున ఉండండి. వల మీద తేలే థర్మాకోల్ ముక్క గానీ లంగరేసిన పడవ గానీ చూసుకుని, అది పైకి లేచిన ప్రతిసారీ లెక్కపెట్టండి. మొదటి లేపుకు వాచీ నొక్కి పదకొండో లేపుకు ఆపితే మధ్యలో పది ఖాళీలు, వచ్చిన సెకన్లను పదితో భాగించండి. పది లేపులకే ఆపి పదితో భాగించినవాళ్లు పోయిన నెల నలుగురున్నారు, మళ్లీ చేయొద్దు. ఇలా మూడుసార్లు. తర్వాత కళ్లు మూసుకుని గాలి ఎక్కడ తగులుతోందో చూసి రాయండి, యాప్ తెరవకుండా. ఊళ్లో లేనివాళ్లు, సముద్రం లేనిచోట ఉన్నవాళ్లు మొదటి సగం చేసి, గాలి సంగతి మేడ మీద నిలబడి చేయండి.

పదో రోజు పుస్తకం ఫొటో తీసి పంపండి. తప్పు వచ్చిన రోజుల్ని కొట్టేయకుండా పంపండి, అయిదో పాఠం వాటితోనే మొదలుపెడతాను.